తల ఊపుటకు నలభై మార్కులు

జీలుగుగూడ సోంబారమ్మ ముప్పై ఏళ్ళుగా ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రార్థన మందిరానికి వెళ్ళి పరామర్శ చేసి వస్తోంది.

కొండ మీద ఉన్న ఆ సవర గూడకి రేకుల మందిరం ఒకటుంది. పల్లం నుంచి పాస్టరు అయ్యగారు నెలకోసారి ఆయాసపడుతూ ఎక్కి వచ్చి, గంటసేపు తెలుగులో ప్రసంగించి దిగిపోతారు. గూడలో సంతకి పోయే మగవాళ్ళకి ఉప్పు, కిరసనాయిలు బేరమాడేటంత తెలుగు వచ్చు. ఆడవాళ్ళకి అదీ రాదు. అయినా అంత దూరం ఎక్కి వచ్చిన మనిషిని చిన్నబుచ్చకూడదు కనుక అందరూ వచ్చి కూర్చుంటారు. ప్రసంగం సగంలో అయ్యగారికి గొంతు పూడుకుపోతుంది. కళ్ళు తుడుచుకుంటారు. రెండు చేతులూ బారచాపి చూపిస్తారు. అది చూసి సోంబారమ్మ, ఈయన ఇంట్లో వయసులో ఉన్న కుర్రవాణ్ణి ఎవరో అన్యాయంగా చంపేశారని గ్రహించింది. ఆనాటి నుంచి ప్రసంగం ముగియగానే ఎండిన ఆనపకాయ బుర్రలో చోడి పిండి అంబలి తెచ్చి ఆయన చేతికిచ్చి, గడ్డం పట్టుకుని తమ సవర భాషలో ఓదారుస్తుంది. అయ్యగారు అంబలి తాగి, ఈ సోదరి విశ్వాసం చెప్పనలవి కాదని జిల్లా ఆఫీసుకి రాస్తారు.

ఆవిడ మనవడు ఫిలేమోను. ఏడో ఏట ఆశ్రమ పాఠశాలలో చేరి తెలుగు నేర్చుకుని, ఆ కథేమిటో మొదటి నుంచి చివరి దాకా చదివినవాడు. ఒక వేసవి సెలవుల్లో అవ్వకి చెప్పబోతే ఆవిడ వాడి నోరు మూసింది. ఇంకొకరింటి చావు వాళ్ళు లేనప్పుడు మనం చెప్పుకోకూడదు, తప్పు. చెబితే ఆ ఇంటివాళ్ళే చెప్పాలి, లేదా వాళ్ళు చెప్పమంటే చెప్పాలి, అంది. ఎంత బతిమాలినా వినలేదు. సోంబారమ్మ పట్టింపులు అలాంటివి. సరే, నేనే ఆ ఇంటివాణ్ణయి వస్తానని ఫిలేమోను అనుకున్నాడు. పల్లపు అయ్యగారికి మరో మూడేళ్ళలో రిటైర్మెంటు. ఆ స్థానంలోకి పట్టా ఉన్నవాణ్ణే వేస్తారు. ఫిలేమోను కొండ దిగి వెళ్ళి బేతూయేలు సువార్త విద్యాలయంలో మూడేళ్ళ మిషనరీ సేవా కోర్సులో చేరాడు. అవ్వకి డెబ్బై దాటాయి. వాడికి ఉన్న తొందరల్లా అదే.

విద్యాలయం సముద్రం దగ్గర్లో, జీడితోటల మధ్య ఉండేది. ప్రిన్సిపాల్ రెవరెండ్ డాక్టర్ సత్యార్పణం గారు ఉట్టి మనిషి కాదు, పరిశోధకులు. విద్యాలయం పెట్టిన దొరగారి కాలం నుంచీ ఉన్న బాప్తిస్మాల రిజిస్టర్లన్నీ దులిపి, ఏడేళ్ళు కష్టపడి ఆయనొక సత్యం కనిపెట్టారు. దొరగారికి తెలుగు రాదు. ఆయన ఇంగ్లీషులో చెబితే పక్కన ఒకరు నిలబడి తర్జుమా చేసేవారు. ఆయన ఉన్న పదకొండేళ్ళలో ఆ ప్రాంతంలో నాలుగు వేల మంది బాప్తిస్మం పొందారు. దొరగారు పోయాక తెలుగు పాస్టర్లు తెలుగువాళ్ళకి తెలుగులోనే నేరుగా చెప్పడం మొదలుపెట్టారు. ఆ తర్వాతి డెబ్బై ఏళ్ళలో రిజిస్టరులోకి ఎక్కిన కొత్త పేర్లు రెండు వందలు. ఊళ్ళలో బాప్తిస్మం పొందనివాళ్ళు మిగల్లేదన్న సంగతి రిజిస్టరులో రాసి ఉండదు కాబట్టి పరిశోధనలోకి రాలేదు. తేలిందేమంటే, ఫలితమంతా తర్జుమాలో ఉంది. నేరుగా అర్థం కావడమే సేవకి చేటు.

మూడో ఏడాది మొదట్లో ప్రార్థన అయ్యాక ప్రిన్సిపాల్ గారు ఒక సర్క్యులర్ చదివి వినిపించారు. ఇకపై పట్టా కోరు ప్రతి అభ్యర్థి 'మధ్యవర్తిత్వ ప్రసంగము' అను ప్రాక్టికల్ పరీక్షలో ఉత్తీర్ణుడు కావలెను. అభ్యర్థి ఆంగ్లములో ప్రసంగించవలెను. ఆమోదిత తర్జుమాదారు దానిని తెలుగు చేయవలెను. అభ్యర్థి మాట్లాడునప్పుడు శ్రోతలకు ఏమియు అర్థము కాకుండుటకు నలభై మార్కులు. తర్జుమా పిమ్మట వారు తల ఊపుటకు నలభై మార్కులు. ప్రసంగీకునికి, తర్జుమాదారుకు మధ్య దూరము మూడడుగులు తగ్గకుండుటకు ఇరవై మార్కులు.

ఆమోదిత తర్జుమాదారు ఆ జిల్లా మొత్తానికి ఒక్కరే. యెహెజ్కేలు మాస్టారు. నలభై ఏళ్ళుగా మహాసభల్లో విదేశాల నుంచి వచ్చిన ప్రతి ప్రసంగీకుడి పక్కనా నిలబడ్డ మనిషి. దొర చెయ్యెత్తితే ఆయనా ఎత్తేవాడు. దొర వేదిక మీద ఎగిరితే ఆయనా ఎగిరేవాడు. దొర దగ్గితే ఆయనా దగ్గేవాడని కిట్టనివాళ్ళు అంటారు. ఇప్పుడు అరవై ఐదేళ్ళ వయసులో, ఆ పెద్ద గొంతు వేసుకుని, పదో తరగతి ఇంగ్లీషుతో గట్టెక్కిన కుర్రాళ్ళ పక్కన నిలబడవలసి వచ్చింది.

మొదటి పరీక్ష ఒక చేపల పేటలో జరిగింది. అక్కడివాళ్ళు నాలుగు తరాల క్రైస్తవులు. అభ్యర్థి ఆ పేటలోనే పుట్టి పెరిగినవాడు. వాడు ఇంగ్లీషు మొదలుపెట్టగానే వాడి మేనత్త, పిల్లాడికి ఏదో అయిందని ఏడుపు అందుకుంది. అర్థం కాలేదన్న మాట నిజమే కనుక నలభైకి నలభై పడ్డాయి. రెండో అభ్యర్థికి మధ్యలో ఇంగ్లీషు అయిపోయింది. ఏమీ తోచక, హాస్టల్ గోడకి తగిలించిన మంటలార్పే డబ్బా మీద అచ్చేసిన సూచనలు గుర్తు తెచ్చుకుని గడగడా అప్పజెప్పాడు. యెహెజ్కేలు మాస్టారు ఒక్క క్షణం ఆగి, దాన్ని ఎర్రసముద్రం రెండుగా చీలిన ఘట్టంగా తెలుగు చేశారు. ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. వాడికి ఎనభై ఎనిమిది.

చిక్కల్లా మూడోవాడికి వచ్చింది. ముందు వరసలో కూర్చున్న ఒక ఇంగ్లీషు మీడియం పిల్ల, తర్జుమా కాకముందే కిసుక్కున నవ్వింది. పన్నెండు మార్కులు పోయాయి. మర్నాడే సవరణ వచ్చింది. పరీక్షా స్థలమునకు నూరు గజముల లోపు ఆంగ్ల మాధ్యమ విద్యార్థులెవ్వరును ఉండరాదు. అప్పటి నుంచి పరీక్ష రోజుల్లో ప్రతి పేటలోనూ చదువుకున్న పిల్లల్ని జీడితోటలోకి తోలేసేవారు.

విధానం ఫలిస్తోందని తెలిశాక ప్రిన్సిపాల్ గారు దాన్ని మిగతా సేవలకి కూడా వర్తింపజేశారు. ఆస్పత్రిలో రోగిని పలకరించాలన్నా మధ్యవర్తి ఉండాలి. అభ్యర్థి ఇంగ్లీషులో ఎక్కడ నొప్పి అని అడిగి, అది తెలుగై, రోగి జవాబు మళ్ళీ ఇంగ్లీషై వచ్చేసరికి నొప్పి ఇంకో చోటికి మారేది. ఆఖరికి సాధన కోసం హాస్టల్ భోజనాల దగ్గర కూడా నేరుగా మాట్లాడకూడదన్నారు. వంటమనిషి అప్పలకొండమ్మ రెండు రోజులు ఓపిక పట్టింది. మూడో రోజు గరిటె గిన్నెలో పెట్టేసి యెహెజ్కేలు మాస్టారితో అంది.

"ఏటి బాబూ ఇది? ఆడు కంచం సాపుతున్నాడు, నాను కూడు పెడతన్నాను. మద్దిన నివ్వెందుకు?"

యెహెజ్కేలు మాస్టారు దాన్ని ఇంగ్లీషులోకి మార్చలేదు. నలభై ఏళ్ళలో ఆయన తర్జుమా చేయకుండా వదిలేసిన మొదటి మాట అదేనట.

ఫిలేమోను వంతు వచ్చింది. సొంత ఊళ్ళో పరీక్ష కోరుకునే హక్కు అభ్యర్థికి ఉంది. వాడు జీలుగుగూడ కోరుకుని, ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్ళి చేతులు కట్టుకుని విన్నవించుకున్నాడు. అయ్యగారూ, మా వాళ్ళకి తెలుగు రాదు, నన్ను సవరలో చెప్పనివ్వండి, అన్నాడు.

సత్యార్పణం గారు కళ్ళజోడు తీసి తుడిచారు. ఆయన చెడ్డ మనిషి కాదు. కుర్రవాడి మీద వాత్సల్యం కూడా ఉంది.

"సవరలో చెప్పిన యెడల వారికి అర్థమగును గదా, నాయనా?"

"అవునండి."

"నలభై మార్కులు అక్కడనే పోవుచున్నవి. ఇక తర్జుమాకు అవకాశమే లేదు. మరియొక నలభై. నీకు మిగులునది ఇరవై. అదియు మధ్యవర్తి ఉండి, అతనికి దూరము పాటించినప్పుడే."

ఫిలేమోను ఇంకో దారి చెప్పాడు. ఇంగ్లీషు నుంచి సవరలోకి చేసే మనిషిని పెట్టండి, అన్నాడు. ప్రిన్సిపాల్ గారు విద్యాలయం జాబితా తెప్పించి చూశారు. సవర వచ్చినవాడు విద్యాలయం మొత్తంలో ఫిలేమోను ఒక్కడే. వాణ్ణి తర్జుమాదారుగా ఆమోదించడానికి అభ్యంతరం లేదు. కానీ తర్జుమాదారుకి పట్టా ఇవ్వరు. పట్టా కావలసినవాడు తన ప్రసంగాన్ని తానే తర్జుమా చేసుకోకూడదు. కనుక యెహెజ్కేలు మాస్టారే తెలుగు చేస్తారు.

"ఆ తెలుగు కూడా వాళ్ళకి అర్థం కాదండి."

"అర్థమగుట అనగా ఏమి? తల ఊపుటయే. నిబంధనలో అటులనే యున్నది," అన్నారు ప్రిన్సిపాల్ గారు. ఇది కొండప్రాంతంలో మొదటి పరీక్ష కనుక తానే స్వయంగా వస్తానని కూడా సెలవిచ్చారు.

ఫిలేమోను ఆ రాత్రంతా ఆలోచించి, వారం ముందే కొండెక్కాడు. గూడ జనాన్ని కూర్చోబెట్టి చెప్పాడు. నేను మాట్లాడుతున్నంతసేపు కదలకండి. పెద్ద గొంతాయన మాట్లాడి ఆపినప్పుడల్లా తల ఊపండి. అంతే. చెబుతుంటే వాడికి సిగ్గేసింది. అవ్వకి ఏదో తేవాలని వెళ్ళి, మూడేళ్ళకి తిరిగొచ్చి, తల ఎప్పుడు ఊపాలో నేర్పుతున్నాడు. సోంబారమ్మ మాత్రం తేలిగ్గా తీసుకుంది. ఊరుగాని ఊరాయన కష్టానికి ముప్పై ఏళ్ళు ఊపాం, మన పిల్లాడి కోసం ఒక్కనాడు ఊపలేమా, అంది.

పరీక్ష నాడు జీపు కొండ కింద ఆగింది. అక్కడి నుంచి నడక. ప్రిన్సిపాల్ గారు మార్కుల కాగితాన్ని అట్టకి బిగించి పట్టుకుని, మూడడుగుల కర్ర ఒకటి కూడా తెచ్చారు. మందిరం ముందు పనసచెట్టు నీడలో జనం కూర్చున్నారు. ఫిలేమోను ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. వాడు ఎన్నుకున్న కథ అదే, అవ్వకి చెప్పాలని మోసుకొచ్చిందే. గుమ్మడికాయంత మాట నోట్లో పెట్టుకుని గవ్వంత బయటికి తీస్తున్నట్టుంది వాడి అవస్థ. యెహెజ్కేలు మాస్టారు మూడడుగుల దూరంలో నిలబడి ఆకాశం అదిరేలా తెలుగు చేశారు. సిలువ దగ్గరకి వచ్చేసరికి అలవాటు కొద్దీ రెండు చేతులూ బారచాపారు. గొంతు పూడుకుపోయింది. ఆయన ఆపినప్పుడల్లా గూడ మొత్తం ఒక్క మనిషిలా తల ఊపింది.

ప్రిన్సిపాల్ గారి కలం ఆనందంగా కదిలింది. తొంభై తొమ్మిది మార్కులు. తర్జుమాకి ముందే ఫిలేమోను గొంతు గుర్తుపట్టి ఒక కుక్క తోక ఊపింది, దానికి ఒకటి తగ్గించారు. ఇలాంటి ఫలితం పల్లంలో కూడా రాలేదని మురిసిపోతూ, కాగితం పూర్తి చేసి సంతకం పెట్టడానికి మందిరంలో బల్ల దగ్గరికి వెళ్ళారు.

ఫిలేమోను అక్కడే నిలబడిపోయాడు. పట్టా చేతికొచ్చినట్టే. వాడికి సంతోషం వేయలేదు, సరికదా ఏడుపొచ్చింది.

అంతలో సోంబారమ్మ ఆనపబుర్ర పట్టుకుని లేచింది. తిన్నగా యెహెజ్కేలు మాస్టారి దగ్గరకి పోయి అంబలి ఆయన చేతిలో పెట్టి, గడ్డం పట్టుకుని ఏదో చెప్పింది. ఆయన అటూ ఇటూ చూశాడు. జీవితంలో మొదటిసారి ఆయనకి తర్జుమా కావలసి వచ్చింది.

"ఏమంటన్నారయ్యా, పెద్దావిడ?"

ఫిలేమోను తల దించుకుని చెప్పాడు. "మిమ్మల్ని ఏడవొద్దంటోందండి. మీ అబ్బాయి పోయి ఎన్నాళ్ళయిందని అడుగుతోంది. నెలనెలా వచ్చే అయ్యగారి ఇంట్లో కూడా ఇలాగే జరిగిందంట. పల్లంలో కుర్రాళ్ళని బతకనివ్వరా, అంటోంది."

యెహెజ్కేలు మాస్టారు చేతిలోని అంబలి బుర్ర వంక చూశాడు. ఈవిడకి ఎవరూ చెప్పలేదా, అని అడిగాడు. ఇంకొకరింటి చావు ఆ ఇంటివాళ్ళు చెప్పమంటే తప్ప వినదండి అని ఫిలేమోను జవాబిచ్చాడు. మాస్టారు మందిరం వైపు చూశాడు. కిటికీలోంచి కలం మూత తీస్తున్న ప్రిన్సిపాల్ గారు కనిపిస్తున్నారు.

"సంతకం ఇంకా పళ్ళేదు. ఆలోసించుకో," అన్నాడు. తర్వాత సోంబారమ్మ వైపు తిరిగి, ఆవిడకి అర్థమయ్యేలా ఫిలేమోను భుజం మీద చెయ్యి వేసి, చెప్పమన్నట్టు ఆవిడ వైపు చూపించాడు. "నేను సెప్పమన్నానని సెప్పు బాబూ. ఆ ఇంటోణ్ణి నేనే అనుకోమను."

ఫిలేమోను అవ్వ ముందు గొంతుక్కూర్చున్నాడు. సవరలో మొదలుపెట్టాడు. ముందు అవ్వకే చెప్పాడు. తర్వాత పక్కవాళ్ళు జరిగారు, వెనకవాళ్ళు లేచి ముందుకొచ్చారు. ఇంతసేపూ రాళ్ళలా కూర్చున్న మనుషులు అడ్డం వచ్చి ప్రశ్నలు వేశారు. అప్పగించినవాడు తోటివాడేనా అని ఒకడు. వాళ్ళమ్మ అక్కడే ఉందా అని ఒకావిడ. పాతిపెట్టిన దగ్గర ఫిలేమోను కాస్త ఆగాడు. సోంబారమ్మ కళ్ళు తుడుచుకుని, ఇంతే కదా, నాకు తెలుసు, అంది.

ఇంతే కాదవ్వా, అన్నాడు వాడు. మూడో నాడు లేచాడు.

ఆవిడకి వెంటనే బుర్రకెక్కలేదు. ఎవరు లేచారంది. ఆయనే. బతికా? బతికే. సోంబారమ్మ మనవడి చేతిమీద ఒక్కటిచ్చింది. ఆవిడకి నిజంగానే కోపం వచ్చింది. ముప్పై ఏళ్ళు నా చేత ఏడిపించి ఆ చివరి ముక్క ఒక్కడూ చెప్పలేదేమిరా, అంది. అని, నోట్లో మిగిలిన మూడు పళ్ళూ కనబడేలా నవ్వింది. గూడ మొత్తం నవ్వింది, అరిచింది, ఆ అరుపులకి కుక్క మొరిగింది.

ఆ గోలకి ప్రిన్సిపాల్ గారు అట్ట పట్టుకుని బయటికి వచ్చారు. ఏమి జరుగుచున్నదని యెహెజ్కేలు మాస్టారిని అడిగారు.

"కుర్రోడు మాటాడతన్నాడండి."

"ఏమని?"

"నాకు అర్థం కాలేదండి."

"వారికో?"

మాస్టారు జనం వైపు ఒకసారి చూశాడు. "ఆళ్ళకి అర్థమైపోయిందండి," అన్నాడు.

సత్యార్పణం గారికి నిజంగానే బాధ కలిగింది. తొంభై తొమ్మిది మార్కులు కొట్టేయడానికి ఆయనకి మనసొప్పలేదు. కానీ పరీక్షా స్థలం విడిచేవరకు పరీక్ష ముగిసినట్టు కాదని రాసింది ఆయనే. మధ్యవర్తికి ముందే శ్రోతలకి అర్థమైంది, సున్న. తర్జుమా జరగలేదు, సున్న. దూరం కొలుద్దామని కర్ర తీసుకుని చూస్తే, అవ్వ మోకాళ్ళూ మనవడి మోకాళ్ళూ ఆనుకుని ఉన్నాయి. ఆయన కర్ర దించేశారు.

నెల తిరక్కుండానే విద్యాలయం నుంచి కాగితం వచ్చింది. గుండ్రటి సీలు, కింద ఆకుపచ్చ సిరా సంతకం. ఫిలేమోను దాన్ని అవ్వ దగ్గర కూర్చుని సవరలోకి మార్చి చదివాడు. "ఈ అభ్యర్థి మాట్లాడినచో జనులకు మధ్యవర్తి లేకుండగనే నేరుగా అర్థమగుచున్నదని విచారణలో రుజువైనది. కావున..."

సోంబారమ్మ చెయ్యెత్తి ఆపింది. మాట ఎంత బాగా రాశారో, అంది. ఇది పెద్దాయన చేతి రాతేనా అని అడిగింది. అవునన్నాడు. ఇంకా ఉందవ్వా అంటే, చాలు, మిగతాది అక్కర్లేదంది. అన్నం మెతుకులు నలిపి, ఆ కాగితాన్ని మందిరం తలుపుకి తనే అంటించింది.

పల్లపు అయ్యగారు రిటైరయ్యాక జీలుగుగూడకి పట్టా పొందిన కొత్త మిషనరీ వచ్చాడు. మంటలార్పే డబ్బా అప్పజెప్పినవాడే. ఇప్పుడు ఇంగ్లీషు కాస్త పెంచుకున్నాడు. వెంట తర్జుమాకి ఒక తెలుగు మనిషి. యెహెజ్కేలు మాస్టారు మాత్రం ఆ పని మానేశారని అన్నారు. మొదటి ఆదివారం కొత్తాయన ప్రసంగం సగంలో చేతులు బారచాపి గొంతు పూడ్చుకున్నాడు. పక్కనున్నవాడూ చాపాడు, వాడూ పూడ్చుకున్నాడు. జనం మర్యాద తప్పకుండా తల ఊపారు.

ముగియగానే సోంబారమ్మ ఆనపబుర్ర పట్టుకుని ముందుకి వచ్చింది. అంబలి కొత్త అయ్యగారి చేతిలో పెట్టి, గడ్డం పట్టుకుని ఏదో అంది. ఆయన ఫిలేమోను వైపు చూశాడు. పరీక్ష తప్పినవాడు తెలుగు చేసి చెప్పాడు.

"ఏడవకు నాయనా, ఆయన మూడోనాడే లేచాడంట. నీకు ఎవరూ చెప్పలేదా, అంటోందండి."